వాదిమ్ కుడి భుజం

మా అత్తమ్మ బాలమణి ఇంగ్లండులో రెండు సంచులతో దిగింది. ఒకదాంట్లో చీరలు, పచ్చళ్లు. రెండోదాంట్లో ఎండబెట్టిన వాయిలాకు, నొప్పులకు వాడేది. హీత్రూలో కస్టమ్స్ ఆఫీసరు ఆ ఆకు పిడికెడు తీసి వాసన చూసి ముక్కు చిట్లిస్తే, వెనకున్న గుజరాతీ ఆవిడెవరో "టీ, టీ" అని గట్టెక్కించిందట. 2005 సెప్టెంబర్ ఆఖరు. ఆరు నెలల విజిటర్ వీసా. మా ఊరి ఐస్ హాకీ సీజన్ కూడా అప్పుడే మొదలైంది. ఆ సీజన్ సగంలో మా జట్టు ఒక మంచి ఆటగాణ్ని పోగొట్టుకుంది. అది నా నోటి వల్ల జరిగింది.

కాల్డర్‌గేట్ లీడ్స్‌కి అరగంట దూరం. ఉన్ని మిల్లులు మూతపడ్డాక ఆ ఊరికి మిగిలిన గొప్ప ఒక్కటే, మంచు రింక్. దాని మీద ఆడే జట్టు పేరు హామర్స్. నేను లీడ్స్‌లో ఒక ఇన్సూరెన్స్ ఆఫీసులో డేటాబేస్ పని చేసేవాణ్ని. మా అమ్మాయి రచనను స్కేటింగ్ క్లాసుకు తీసుకెళ్లిన రోజుల్లో, క్లబ్బువాళ్లు ఆట వివరాలు కాగితాల మీద రాసి టీ కప్పుల కింద పోగొట్టుకోవడం చూశాను. ఉబుసుపోక ఒక ప్రోగ్రాం రాసిచ్చాను. ఎవరు ఎంతసేపు మంచు మీద ఉన్నారు, అతనుండగా మనం ఎన్ని గోల్స్ కొట్టాం, ఎన్ని తిన్నాం, అన్నీ అందులో కనిపిస్తాయి. క్లబ్ యజమాని విటిల్‌కి అది తెగ నచ్చింది. తివాచీల షాపులు నడిపే మనిషి ఆయన. అప్పటినుంచి ప్రతి శనివారం స్టాండ్స్ పైన చిన్న గాజు గదిలో లాప్‌టాప్ ముందు నా సీటు. జీతం లేదు. పిలుపు మాత్రం ఉంది. ఆటగాళ్లు నన్ను "ప్రొఫెసర్" అనేవాళ్లు. నాకది సరిపోయేది.

మా ఇంటికీ పక్కింటికీ మధ్య ఒకే గోడ. ఆ పక్కిల్లు క్లబ్బు అద్దెకు తీసుకుని వాదిమ్‌కి ఇచ్చింది. ఉక్రెయిన్‌వాడు. డిఫెన్స్‌లో ఆడతాడు. ఆరడుగుల మూడంగుళాలు. భార్య స్వెత్లానా, కూతురు దాషా. దాషా, మా రచన ఒకే క్లాసు.

అక్టోబర్ మధ్యలో ఒక శనివారం, అవతలి జట్టువాడు వాదిమ్‌ని గోడకేసి గుద్దాడు. లేచాడు, ఆడాడు. కాని ఆ తర్వాత నా తెరమీద ఒక గడి ఖాళీగా ఉండిపోయింది. దూరంనుంచి గోల్ వైపు గట్టిగా కొట్టే దెబ్బలు ఒక్కటీ లేవు. అలసిపోయాడేమో అనుకున్నాను.

సోమవారం పొద్దున కౌన్సిల్ చెత్త లారీ వచ్చే వేళ. నేను ఆఫీసుకు బయల్దేరుతున్నాను. అత్తమ్మ చీర మీద స్వెట్టరు, కాళ్లకు సాక్సులు, వాటిమీద హవాయి చెప్పులతో గడపలో నిలబడి వీధి చూస్తోంది. వాదిమ్ తన చెత్త బిన్‌ని ఎడమచేత్తో ఈడ్చుకుంటూ వస్తున్నాడు.

"అల్లుడా, గా పిలగాని కుడి చెయ్యి పనిచేస్తలేదు," అంది.

"అతను హాకీ ఆడతడు అత్తమ్మా. వాళ్లకివన్నీ మామూలే."

"ఏం మామూలు? తొట్లె పిల్లనెత్తుకున్నట్టు పట్టుకున్నడు చెయ్యి."

నేను కారు తలుపు తీసేలోపే ఆమె రోడ్డు దాటినంత ధీమాగా పక్కింటి వాకిట్లోకి పోయి, ఆ కొండలాంటి మనిషి భుజం మీద రెండు వేళ్లు పెట్టి నొక్కింది. వాదిమ్ పళ్ల మధ్యనుంచి ఏదో శబ్దం వచ్చింది. ఆమె వేళ్లు తియ్యలేదు. ఇంకో అంగుళం జరిపి మళ్లీ నొక్కింది.

"ఇగో, ఈడ చిరిగింది. ఎముక మంచిగనే ఉంది. లోపటికి రమ్మను."

జనగామ చుట్టుపక్కల ఆమెను తెలియనివాళ్లు లేరు. వాళ్ల నాయిన ఎముకలు సరిచేసేవాడు. ఆయన తర్వాత ఆ పని ఈమెకొచ్చింది. బెణికినా, పట్టేసినా, జారినా బాలమణి దగ్గరికే. ఆర్టీసీ కండక్టర్లు ఆమె ఇంటిముందు బస్సు ఆపి కుంటేవాళ్లను దించేవాళ్లు. ఎవరి దగ్గరా ఏమీ పుచ్చుకునేది కాదు. "చెయ్యికి గుణముంటది. అమ్ముకుంటే పోతది," అనేది.

ఆ రోజు నేను ఆఫీసుకు రెండు గంటలు ఆలస్యంగా వెళ్లాను, దుబాసీగా ఉండాల్సి వచ్చి. వాదిమ్ ఇంగ్లిష్ ముక్కలు ముక్కలు. అత్తమ్మకు "థాంక్యూ" తప్ప రాదు. ఆమె నువ్వులనూనెలో వాయిలాకు, వెల్లుల్లి వేసి కాచింది. పెనం మీద రాళ్లుప్పు వేయించి గుడ్డలో మూటకట్టింది. పొగకు అలారం మోగింది. వాదిమ్ కూర్చున్నచోటినుంచే ఎడమచెయ్యి చాపి, సీలింగ్‌కున్న అలారం పీకి బల్లమీద పెట్టాడు.

"చూసినవా, ఎంత పొడుగుండు! ఇట్లాంటోన్ని పెట్టుకుంటే నిచ్చెనతో పనేలేదు," అని నవ్వింది ఆమె. తర్వాత నవ్వాపి నావైపు తిరిగింది. "ఇగ చెప్పు ఆయనకు. నలభై ఒక్క పూటలు. ఆఖరి పూటకు తలకు నీళ్లు పోసుకొమ్మని నేను చెప్తా. గప్పటిదాక ఈ ముచ్చట ఈ నాలుగు గోడలు దాటొద్దు. ఎవ్వలన్న నోరు జారితే నా చెయ్యి పనిచెయ్యది. మా నాయిన కాణ్నుంచి వస్తున్న కట్టుబాటు."

నేను చెప్పాను. వాదిమ్ తలూపాడు.

"ఆమె రూలు, నా రూలు ఒకటే," అన్నాడు. "క్లబ్‌కు తెలిస్తే నేను పోతాను. నీకు తెలుసు కదా?"

తెలుసు. లీగ్‌లో ఒక్కో జట్టుకు విదేశీ ఆటగాళ్లు ఇంతమందే అని పరిమితి. ఒకడు రావాలంటే ఒకడు పోవాలి. గాయపడ్డవాడి కోసం ఎవరూ ఆగరు. పోయినవాడి వర్క్ పర్మిట్ కూడా వాడితోపాటే పోతుంది. అప్పట్లో పర్మిట్ మీద తెగకుండా నాలుగేళ్లు పనిచేస్తే ఈ దేశంలో ఉండిపోవచ్చు. నా పాస్‌పోర్టులో ఆ ముద్ర వేసవిలోనే పడింది. వాదిమ్‌కి వచ్చే సెప్టెంబర్‌తో నాలుగేళ్లు నిండుతాయి. కాని హాకీ కాంట్రాక్టులు వసంతంతోనే అయిపోతాయి. కొత్త కాంట్రాక్టు దొరికితేనే అతను గట్టెక్కేది.

"అక్కడ మా ఊళ్లో రింక్ ఇప్పుడు ఫర్నిచర్ గోదాం," అన్నాడు వాదిమ్ చొక్కా విప్పుతూ. "దాషాకి మా అక్షరాలు చదవడం రాదు. ఇంకొక్క కాంట్రాక్టు, అమర్. అంతే."

"నేనెవరికి చెప్తాను?" అన్నాను.

వారానికి మూడు పూటలు. నా భార్య పుష్పలీలకు జీపీ సర్జరీలో, అంటే ఇక్కడి డాక్టరు క్లినిక్‌లో, రిసెప్షన్ పని మధ్యాహ్నం షిఫ్టు కాబట్టి పొద్దున ఆమె ఉండేది. పూట అయిపోగానే అత్తమ్మ ఒక చింతగింజ తీసి జామ్ సీసాలో వేసేది. నలభై ఒక్క గింజలూ ముందే లెక్కపెట్టి గిన్నెలో పోసి కిటికీలో పెట్టుకుంది. గిన్నెలోవి తగ్గుతుంటే, సీసాలోవి పెరుగుతుంటే, నా తెరమీద వాదిమ్ అంకెలు మారుతూ వచ్చాయి. నవంబర్‌లో దూరపు దెబ్బలు రెండు. డిసెంబర్‌లో తొమ్మిది. క్రిస్మస్ మర్నాడు బాక్సింగ్ డే ఆటలో సగం మైదానం అవతలినుంచి ఒకటి కొట్టాడు. గోల్ కాసే గోలీ కదలనుకూడా లేదు. రచన నా పక్కన గంతులు వేసింది.

"డాడీ, దట్ వాజ్ అమ్మమ్మాస్ ఆర్మ్!"

"ష్. ఏమన్నది అమ్మమ్మ?"

"ఐ నో, ఐ నో. ఫోర్ వాల్స్," అని నోటిమీద వేలు పెట్టుకుంది. దానికి తొమ్మిదేళ్లు.

ఆ ఏడాదే కొత్త కోచ్ వచ్చాడు. గ్రాంట్. కెనడావాడు. వాదిమ్‌ని మొదటినుంచీ పంపించేయాలనే చూశాడు. నవంబర్‌లో ఇంకో క్లబ్బువాళ్లు, మీ ఉక్రెయిన్‌వాణ్నివ్వండి, మా రెండో గోలీని ఇస్తాం అన్నారు. గ్రాంట్ సై అన్నాడు. విటిల్ నన్ను పిలిచి అంకెలు అడిగాడు. నేను చూపించాను. బేరం ఆగిపోయింది. ఆ రోజు మెట్లు దిగుతుంటే గ్రాంట్ ఎదురై, "ఏం కాలిక్యులేటర్, ఇప్పుడు జట్టును నువ్వు నడుపుతున్నావా?" అన్నాడు. ఇంటికి పోయేదాకా ఆ మాటకు నాలో నేనే నవ్వుకుంటూ పోయాను. నలభై ఏళ్ల జీవితంలో ఒకడు నన్ను చూసి భయపడటం అదే మొదటిసారి.

గ్రాంట్‌కు కావలసినవాడు వేరే ఉన్నాడు. కోల్ అని, ఇరవై నాలుగేళ్లవాడు, కెనడాలో తన కింద ఆడినవాడు. జనవరి ముప్పై ఒకటి దాటితే కొత్తవాళ్లను చేర్చుకోవడానికి లేదు. కాబట్టి ఆ నెలలోనే అన్నీ తేలాలి.

జనవరి ఇరవై మూడు, సోమవారం. సాయంత్రం ఐదింటికి రింక్ పైనున్న ఆఫీసులో మీటింగు. ఎవరిని ఉంచాలి, ఎవరిని వదలాలి. అద్దం కిందుగా పిల్లలు స్కేటింగ్ నేర్చుకుంటున్నారు. ఆ పొద్దునే ఇంట్లో ముప్పై ఎనిమిదో గింజ సీసాలో పడింది. గిన్నెలో మూడు మిగిలాయి.

విటిల్ ముందు ఒక అట్టపెట్టె తెరిచాడు. అందులోంచి నల్ల జాకెట్ తీశాడు. కోచింగ్ స్టాఫ్ వేసుకునే జాకెట్. గుండెమీద సుత్తి బొమ్మ, కింద తెల్లదారంతో నా పేరు.

"నువ్వు లేకపోతే నవంబర్‌లో తప్పు చేసేవాళ్లం," అన్నాడు. "తొడుక్కో."

తొడుక్కున్నాను. భుజాల దగ్గర కొంచెం వదులు. విప్పబుద్ధి కాలేదు.

ముగ్గురు నలుగురి సంగతి అయ్యాక వాదిమ్ పేరు వచ్చింది. నేను రెండు పేజీలు ముందుకు జరిపాను. ఆ నెలలో లీగ్ మొత్తం మీద అంత మంచి అంకెలున్న డిఫెన్స్ ఆటగాడు ఇంకొకడు లేడు. విటిల్ చదివాడు. సొరుగులోంచి కాంట్రాక్టు కాగితం తీశాడు.

"రెండేళ్లు ఇద్దాం," అన్నాడు, పెన్ను మూత తీస్తూ.

గ్రాంట్ కుర్చీలో వెనక్కి వాలాడు. ఓడిపోయాడు, ఆ సంగతి అతనికీ తెలుసు. ఆఖరి రాయి విసిరినట్టు అన్నాడు: "ముప్పై రెండేళ్ల ఒళ్లు. ఏదో ఒకరోజు విరుగుతుంది."

దానికెవరూ జవాబు అడగలేదు. విటిల్ పేజీ తిప్పుతున్నాడు, సంతకం ఎక్కడ పెట్టాలో చూసుకుంటూ.

"విరగదు," అన్నాను నేను. "అక్టోబర్‌లో ఆ కుడి భుజం పైకి లేచేదే కాదు. మా అత్తగారు మూడు నెలలు నూనె రాసి, కాపడం పెట్టి నిలబెట్టింది. మా ఊళ్లో ఆమె చెయ్యి అంటే అంత పేరు. ఇప్పుడు చూడండి ఎలా కొడుతున్నాడో."

అన్నాక నవ్వాను కూడా.

విటిల్ పెన్ను మూత మళ్లీ పెట్టాడు.

"ఏ భుజం?" అన్నాడు గ్రాంట్.

గురువారం వాదిమ్‌ని లీడ్స్‌లో ఒక ప్రైవేటు క్లినిక్‌కి స్కాన్‌కు పంపారు. శుక్రవారం రిపోర్టు వచ్చింది. క్లబ్బు కాగితాలన్నీ కంప్యూటర్‌లోకి ఎక్కించేది నేనే కాబట్టి అది నా చేతికే వచ్చింది. నాలుగు లైన్లు. కుడి భుజంలో పాత చిరుగు. చాలా బాగా మానింది. కదలిక పూర్తిగా ఉంది. ఆడటానికి అభ్యంతరం లేదు.

మూడుసార్లు చదివాను. గుండె తేలికైంది. అది పట్టుకుని గ్రాంట్ గదికి పోయాను.

"చదివాను," అన్నాడు తలెత్తకుండా. "భుజం సంగతి కాదు. గాయమైతే ఇరవై నాలుగు గంటల్లో క్లబ్‌కి చెప్పాలని కాంట్రాక్టులో ఉంది. మూడు నెలలు దాచాడు. ఇక్కడ ఫిజియో ఉండగా ఎవరో ముసలావిడతో నూనె రాయించుకున్నాడు. రేపు నిజంగా ఏదైనా అయితే ఇన్సూరెన్స్ వాళ్లు మన మొహాన తలుపేస్తారు. ఆ సంగతి నీకు నేను చెప్పాలా? నువ్వు పనిచేసేది ఎక్కడ?"

"మిస్టర్ విటిల్ ఏమన్నాడు?"

"విటిల్‌కి అబద్ధం చెప్పేవాళ్లంటే పడదు." అప్పుడు తలెత్తి నా జాకెట్ చూశాడు. "థాంక్స్, ప్రొఫెసర్."

సోమవారం ముప్పయ్యో తేదీన వాదిమ్‌కి ఉత్తరం అందింది. మంగళవారం కోల్ సంతకం చేశాడు.

బుధవారం పొద్దున వాదిమ్ మామూలు వేళకే మా తలుపు కొట్టాడు. ఆ వారం నేను ఆఫీసుకు పోలేకపోయాను, జ్వరమని చెప్పి ఇంట్లో ఉన్నాను. పుష్పలీల రచనను బడిలో దింపడానికి వెళ్లింది. అత్తమ్మ పొయ్యిమీద నూనె పెట్టి ఎదురుచూస్తోంది. పోయిన సోమవారం తర్వాత అతను రాలేదు. ఏదో వేరే ఊరికి ఆటకు పోయాడనుకుంది.

అతను చొక్కా విప్పలేదు. కుర్చీలో కూర్చోలేదు. ఆమె ముందు మోకాళ్లమీద కూర్చున్నాడు. అప్పుడుగాని ఇద్దరి ముఖాలూ ఒక ఎత్తుకు రాలేదు.

"అమర్, నేను చెప్పేది ఆమెకు చెప్పు," అన్నాడు. "అంతా చెప్పు. నన్ను తీసేశారు. ఈ నెలాఖరుకి పోతున్నాం. కాని ఆమె చెయ్యి గొప్పది. స్కాన్ తీసిన డాక్టర్ అడిగాడు, ఇంత బాగా ఎవరు చేశారు అని. భుజం బాగుంది. భుజం వల్ల కాదు. ఎవరో క్లబ్‌లో చెప్పారు. అందుకు. ఆమె తప్పు ఏమీ లేదని చెప్పు."

అత్తమ్మ నా ముఖంలోకి చూస్తోంది.

"ఏమంటున్నడు? గట్లెందుకు కూసున్నడు కింద?"

"ఆయనను జట్టులకెల్లి తీసేసిన్రు అత్తమ్మా. ఊరికి పోతున్నరట."

ఆమె చెయ్యి నోటిమీదికి పోయింది. "ఎందుకు?"

నేను వాదిమ్ వైపు చూశాను. అతను నా వైపే చూస్తున్నాడు, చెప్పు అన్నట్టు తలూపుతూ.

"ఎందుకయ్యా? ఎవ్వలన్న బయట చెప్పిన్రా?"

పొయ్యిమీద నూనె చిటపటలాడుతోంది. వెల్లుల్లి మాడిన వాసన వస్తోంది.

"లేదత్తమ్మా," అన్నాను. "ఎవ్వలు చెప్పలేదు. స్కాన్ తీసిన్రు. భుజం అతకలేదట."

ఆమె పోయి పొయ్యి ఆపింది. కిటికీలో గిన్నెలో మిగిలిన మూడు గింజల వైపు చూసింది. వాదిమ్ లేచి, ఆమె కుడి చెయ్యి తన రెండు చేతుల్లోకి తీసుకుని, అరచేతిని ముద్దుపెట్టుకున్నాడు. ఆమె చటుక్కున లాక్కుంది. ఆ చెయ్యి కొంగులో తుడుచుకుంది. అలా ఎందుకు చేసిందో అతనికి అర్థం కాలేదు. నాకు అర్థమైంది.

గుమ్మం దగ్గర అతను ఆగాడు. కొక్కేనికి నా నల్ల జాకెట్ వేలాడుతోంది. దానిమీది పేరును వేలితో ఒకసారి తాకాడు.

"మంచి జాకెట్," అన్నాడు.

అంతే. తలుపు మెల్లగా దగ్గరకు వేసుకుని వెళ్లిపోయాడు. అంత పెద్ద మనిషి తలుపు అంత చప్పుడు లేకుండా వేయగలడని నాకు తెలియదు.

ఫిబ్రవరి ఆఖర్న వాళ్లు వెళ్లిపోయారు. దాషా తన గులాబీ రంగు స్కేట్లు రచనకిచ్చింది. రెండ్రోజులు కాకముందే కోల్ ఆ ఇంట్లో దిగాడు. గోడ అవతల పాటల మోత. అత్తమ్మ ఒకరోజు ఆ గోడకు చెయ్యి ఆనించి, "వీని భుజాలు మంచిగనే ఉన్నయా?" అని అడిగింది. అదొక్కటే అడిగింది.

అప్పటికి ఆమె మాటలు తగ్గిపోయాయి. వాయిలాకు సంచి తీసుకెళ్లి తోటచెత్త వేసే గోధుమరంగు బిన్‌లో గుమ్మరించింది. పుష్పలీలకు మెడ పట్టేస్తే, "సర్జరీల డాక్టరు లేడా?" అంది. అమ్మ అలా అనడం పుష్పలీల పుట్టి బుద్ధెరిగాక విననిది.

"అమ్మకేమైంది అమర్? అడిగితే 'నా చెయ్యి చెడ్డది బిడ్డా' అంటున్నది."

"ఆయన పోయినందుకు బాధ ఉంటది గదా."

ఆమె మెడ రుద్దుకుంటూ నన్నొకసారి చూసి లోపలికి పోయింది. మార్చి మధ్యలో ఒక సాయంత్రం, నేను ఆఫీసునుంచి వచ్చేసరికి కారు ఆపే చోటే నిలబడి ఉంది, కోటు తొడుక్కుని.

"లోపల అమ్మ ఉంది. కార్ల కూసుందాం," అంది.

కూర్చున్నాం. అద్దాలమీద సన్నటి వాన.

"స్వెత్లానా మెయిల్ పెట్టింది. వాళ్లింటి అడ్రస్ రాసింది. కింద ఒక ముక్క రాసింది. గ్రాంట్ వాదిమ్‌తో అన్నడట, 'నీ మంత్రగత్తె నూనె గురించి ప్రొఫెసర్ చెప్పిండు' అని. నువ్వేనా?"

"మంచికే చెప్పిన పుష్పా. అమ్మ చెయ్యి గొప్పది అని చెప్పిన. పొగుడుదామని..."

"ఎవల్ని? అమ్మనా, నిన్నా?"

వైపర్లు ఆన్‌లోనే ఉన్నాయి. ఆపాను.

"అమ్మకేం చెప్పినవ్?"

చెప్పాను. నేను అప్పటికి పదిరోజులుగా నాకు నేను చెప్పుకుంటున్న మాటను బయటికి తీశాను. పేపర్లో వచ్చింది. ప్రభుత్వం ఏప్రిల్ నుంచి నాలుగేళ్లను ఐదేళ్లు చేస్తోంది.

"రూలే మారింది పుష్పా. ఈ సెప్టెంబర్‌కు ఆయనకెట్లాగూ ఆ ముద్ర రాకపోవు."

"కాంట్రాక్టు రెండేండ్లది గదా," అంది.

వాన కొంచెం పెరిగింది.

"నేను అమ్మకు చెప్ప," అంది తలుపు తీస్తూ. "నేను చెప్తే మొగుని మీద చాడీ అయితది. ఆమె నిన్ను అల్లునిలెక్క చూస్తలేదు, కొడుకులెక్క చూస్తున్నది. నువ్వే చెప్పాలె. ఆమె పోయేలోపల."

పన్నెండు రోజులున్నాయి. పన్నెండు పొద్దులూ వంటింట్లోకి పోయాను. పన్నెండుసార్లూ టీ తాగి బయటికొచ్చాను. ఒకరోజు రిపోర్టు ప్రింటు తీసి జేబులో పెట్టుకుని పోయాను కూడా. ఆమె బియ్యం ఏరుతోంది. ఎడమచేత్తో ఏరుతోంది. కుడిచెయ్యి ఒళ్లో పెట్టుకుంది. కాగితం బయటికి తియ్యలేదు.

ఆ శనివారం ఆటకు కూడా పోయాను. జాకెట్ వేసుకునే పోయాను. కోల్ రెండు గోల్స్ కొట్టాడు. నేను అవి లెక్కలో ఎక్కించాను.

మార్చి ఇరవై ఎనిమిదిన నలుగురం హీత్రూకి బయల్దేరాం. మా ఊరినుంచి నాలుగున్నర గంటల దారి. వెనకసీట్లో రచన అమ్మమ్మ భుజంమీద తల పెట్టుకుని పడుకుంది. పుష్పలీల నా పక్కన కూర్చుని, దారిలో ఆగడానికుండే ప్రతి సర్వీసుల బోర్డు దగ్గరా నావైపు ఒకసారి చూసేది. నేను పెట్రోలు ముల్లు చూసేవాణ్ని.

చెక్-ఇన్ క్యూ పాములా మెలికలు తిరిగి ఉంది. అత్తమ్మకు ఇప్పుడు ఒకటే సంచి. మా ముందు ఒక పెద్దావిడ, గుంటూరువైపు మాట, లండన్ పక్కన హేస్‌లో ఉండే కూతురుతో కలిసి నిలబడింది. ట్రాలీ చక్రం ఆవిడ పాదం మీదికి ఎక్కింది. ఆవిడ పక్కకు తిరగబోయి చీలమండ మెలిపడి కూలబడింది.

"అయ్యో అమ్మా! కాలు పెట్టగలవా? పెట్టి చూడు."

"ఎక్కడ పెట్టేదే, ప్రాణం పోతుంటే!"

అత్తమ్మ అప్పటికే వంగింది. ఆమెకు తెలియకుండానే వంగింది. కుడిచెయ్యి చాచింది. రెండు వేళ్లు ఆ చీలమండ మీదికి, సరిగ్గా ఎక్కడ పెట్టాలో అక్కడికి పోతున్నాయి.

వేలెడు దూరంలో ఆగింది.

చెయ్యి వెనక్కి తీసుకుంది. కొంగుకింద దాచుకుంది. నిటారుగా నిలబడి, పక్కకు చూస్తూ, "ఎవలన్న డాక్టర్ని పిలువున్రి," అంది.

రచన అమ్మమ్మ కొంగు పట్టుకుని లాగింది. "అమ్మమ్మా, యూ కెన్ ఫిక్స్ ఇట్. యూ ఫిక్స్‌డ్ వాదిమ్."

ఆమెకు అర్థమైంది వాదిమ్ అన్న పేరొక్కటే. పిల్ల తల నిమిరింది, ఎడమచేత్తో.

పుష్పలీల నా వైపు తిరిగింది. రిపోర్టు నా జాకెట్ లోపలి జేబులోనే ఉంది, నాలుగు మడతలుగా. నాలుగు లైన్లు. తెలుగులో చెప్పడానికి అరనిమిషం పట్టదు. మా ముందు ఇంకా పదకొండు మంది ఉన్నారు.

క్యూ ఒక అడుగు ముందుకు కదిలింది. నేను వంగి అత్తమ్మ సంచి అందుకోబోయాను. పుష్పలీల నాకంటే ముందు దాన్ని అందుకుంది.